మందు మిషను కంపెనీ మీద దావా పడిన రోజులు

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. నేను ఒప్పుకోలేదు. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక ఒప్పుకోవడానికి తీరిక దొరికింది. షేర్ల పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ రోజుల్లో మార్కెట్టు ఎలా ఉండేదని అడుగుతుంటారు. వాళ్లకి ఏదో సూత్రం కావాలి. నా దగ్గర సూత్రాలు లేవు, ఒక వారం రోజుల సంగతి ఉంది. ఒక కంపెనీ మీద పేటెంటు దావా పడితే షేరు ఎలా పడిందో, మళ్లీ ఎలా లేచిందో అందులో ఉంది. మధ్యలో నేను చేసిన పని కూడా ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

అరవైల్లో మా ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో ఒక డాబా మీద ఉండేది. మా యజమాని పొగాకు వ్యాపారం వదిలేసి షేర్లలోకి వచ్చిన మనిషి. మద్రాసులో ఒక బ్రోకరు ద్వారా కొనడం, అమ్మడం. మధ్యాహ్నం పన్నెండింటికి మద్రాసు నుంచి ట్రంకు కాల్ వచ్చేది. బ్రోకరు చెప్పే ధరలు రాసుకుని, వరండాలో ఉన్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో ఎక్కించాలి. ఆ వేళకి వరండాలో రెండు బల్లలూ నిండిపోయేవి. మిర్చి కమీషను వ్యాపారులు, ఒక రిటైరైన తాసిల్దారు, ఇద్దరు డాక్టర్లు, అప్పుడప్పుడూ చేతిలో నాలుగు రాళ్లు మిగిలిన రైతులు. నేను ఫోను పెట్టేసి సుద్దముక్క పట్టుకుని బయటికి రాగానే అందరూ మాటలు ఆపేసేవాళ్లు. ఆ కాసేపూ నేను కలెక్టరుకి ఏమీ తీసిపోనని అనుకునేవాణ్ణి.

అంతకు ముందు ఆరేళ్లు ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేశాను. గట్టు తగాదాలు, దాయాదుల వ్యాజ్యాలు, స్టేలు, వాయిదాలు నాకు కొట్టిన పిండి. షేర్ల ఆఫీసులో ఎవరికి కోర్టు కాగితం వచ్చినా నాకే చూపించేవాళ్లు.

అలా నిశ్చింతగా ఉండగా అతను వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు, ముస్లింల అబ్బాయి. పాత గుంటూరులో వాళ్ల నాన్నకి పంపులు, మందు కొట్టే మిషన్లు బాగుచేసే షాపు ఉంది. ఇంటర్ దాకా చదివాడు. నెమ్మదైన మనిషి, నన్ను మొదటి రోజు నుంచీ 'అన్నా' అనే పిలిచాడు. నాకు సాయంగా ఉంటాడని యజమాని పెట్టుకున్నారు. ఆరు నెలలు తిరక్కుండా ట్రంకు కాల్ అతనే తీసుకోవడం మొదలుపెట్టాడు. లైన్లో గరగర ఎంతున్నా అతనికి అంకెలు స్పష్టంగా వినపడతాయట. ఆ మాట యజమాని అందరి ముందూ అన్నారు. నా చెవులకేమీ తక్కువ లేదు. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం సరిగా తినలేదు.

ఇప్పుడు ఆ కంపెనీ సంగతి. మద్రాసులో కొత్తగా పెట్టిన కంపెనీ అది. వీపుకి తగిలించుకుని పురుగుమందు కొట్టే మిషను చేసింది. అంతకు ముందున్న మిషన్లకి ఒక చేత్తో ఆపకుండా పంపు కొడుతూ, రెండో చేత్తో మందు చల్లాలి. సాయంత్రానికి రైతు భుజం పడిపోయేది. దీనికి డబ్బాలో ఒకసారి గాలి ఎక్కిస్తే చాలాసేపు దానంతట అదే చిమ్మేది. ఇవాళ మీరు ఫోన్ల గురించీ కంప్యూటర్ల గురించీ మాట్లాడుకున్నట్టు ఆ రోజుల్లో మా వరండాలో ఆ మిషను గురించి మాట్లాడుకునేవాళ్లు. మిరప, పత్తి ఉన్న ప్రతి ఊళ్లోకీ అది వెళ్లింది. దాంతో షేరు కూడా ఎక్కింది.

ఆ షేర్లు కొన్నవాళ్లలో తుళ్లూరు దగ్గర పల్లె నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. మిరప రైతు. ముందు మిషను కొన్నాడు, నచ్చింది, ఇది చేసినవాళ్ల షేర్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతూ మా ఆఫీసు మెట్లెక్కాడు. ఆయనకి షేరంటే ఏమిటో చెప్పింది నేను. ఫారాలు నింపింది నేను. ఆయన దున్నుకునే నేల మూడెకరాలు కౌలుది, ఆసామి తెనాలిలో ఉంటాడు. ఈ మిరప కోతలు అవగానే ఆ మూడెకరాలూ ఆయనకే అమ్ముతానని ఆసామి మాటిచ్చాడు. షేర్లు అమ్మితే నేల కొనుక్కోవడానికి సరిపోతుంది. ఇరవై ఏళ్లుగా తన చేత్తో దున్నిన నేల తన పేరు మీదికి వస్తుందని ఆయన వచ్చిన ప్రతిసారీ చెప్పేవాడు.

మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. అమ్మాల్సి వచ్చినప్పుడు మనిషి ఊళ్లో లేకపోతే ఇబ్బంది కాబట్టి, షేరు పత్రాలతో పాటు కొనేవాడి పేరు రాయని బదిలీ ఫారం మీద ముందే సంతకం చేయించి మా బీరువాలో పెట్టుకునేవాళ్లం. ఎప్పుడు అమ్మాలో కబురు పంపితే చాలు. పెద్దాయనా అలాగే సంతకం చేశాడు. అయితే ఒకరోజు ఆయన మిషను పాడైతే మా కొత్తవాడు వరండాలోనే కూర్చుని పావుగంటలో బాగుచేసి ఇచ్చాడు. అప్పటి నుంచి పెద్దాయన వస్తే అతని పక్కనే కూర్చునేవాడు. ఒకసారి పోయేటప్పుడు నా ముందే అతనితో అన్నాడు:

"మిషను గుట్టు తెలిసినోడివి నువ్వు. నా కాగితాలు ఎప్పుడు అమ్మమంటావో నువ్వే చెప్పు."

ఆయన్ని షేర్లలోకి తెచ్చింది నేనైతే, మంచీ చెడ్డా అతన్ని అడుగుతాడు. నవ్వుతూ ఇద్దరికీ టీ తెప్పించాను.

అప్పుడు దావా పడింది. ఇంగ్లీషు పేపర్లో ఆరు లైన్ల వార్త. కలకత్తాలో పెద్ద కంపెనీ ఒకటి, డబ్బాలో గాలి నిలబెట్టే వాల్వు తమ పేటెంటు అనీ, మద్రాసు వాళ్లు దాన్ని కాజేశారనీ, దావా తేలేదాకా ఆ మిషన్లు చెయ్యకుండా, అమ్మకుండా స్టే ఇవ్వమనీ మద్రాసు కోర్టుకి వెళ్లింది. పేపరు పట్టుకుని తాసిల్దారు గారు తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చారు. పేటెంటంటే ఏమిటో నాకు అప్పటికి సరిగా తెలియదు. తెలియదని చెప్పడం నా చేతకాదు. చాలా రోజుల తర్వాత ఒకరు నన్ను అడుగుతున్నారు మరి.

"దావాలో ఉన్న పొలం ఎవడన్నా కొంటాడాండీ?" అన్నాను.

అంతే. ఆ మాట అందరికీ అర్థమయింది. మా వైపు దావా అంటే పొలం దావానే. వ్యాజ్యంలో పడిన నేల మీద కాకి కూడా వాలదు, స్టే వచ్చిందంటే తాతలనాటి హక్కయినా చేతిలో ఉన్నట్టు కాదు. వాల్వు ఒక్కటీ తగాదాలో ఉందనీ, కంపెనీ అంతా కాదనీ ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. పదకొండింటికి నా మాట మిర్చి మార్కెట్టుకి చేరింది. పన్నెండింటికి కమీషను వ్యాపారులు అమ్మెయ్యమని మనుషుల్ని పంపడం మొదలుపెట్టారు. కోయంబత్తూరులోనూ, కాకినాడలోనూ నాలాంటి గుమాస్తాలు ఇదే మాట అన్నారో ఏమో, మద్రాసులో షేరు జారిపోతూ వచ్చింది. ధర పడిందని అమ్మేవాళ్లు, అమ్ముతున్నారని అమ్మేవాళ్లు. చేలల్లో పురుగు తగ్గలేదు. ఏటుకూరు రోడ్డు మీద షాపుల్లో మిషన్లు ఎప్పటిలాగే అమ్ముడుపోతున్నాయి. ఈ కాలం పిల్లలు సెంటిమెంటు అంటారే, అదంటే ఏమిటో నేను ఆ వారంలో చూశాను. అందులో కొంత నేను పుట్టించిందే.

మూడో రోజు పొద్దున అతను వాళ్ల నాన్న షాపు నుంచి రెండు మిషన్లు రిక్షాలో వేసుకొచ్చాడు. ఒకటి కలకత్తా వాళ్లది, రెండోది మద్రాసుది. వరండా బల్ల మీద పేపర్లు పరిచి రెంటినీ విప్పాడు. వ్యాపారులంతా మూగారు. కలకత్తా వాల్వులో ఒక గోళీ ఉంది, మద్రాసు దాంట్లో తోలు రెక్క ఉంది. రెండూ గాలిని వెనక్కి రానీయకుండా ఆపుతాయి.

"చేసే పని ఒకటేనండి, చేసే తీరు వేరు. పేటెంటు తీరుకే ఇస్తారు" అన్నాడు. ఒకవేళ ఓడినా వాల్వు మార్చుకోవడానికి నెల రోజులు చాలనీ, డబ్బా, గొట్టం, పేరు ఎక్కడికీ పోవనీ చెప్పాడు.

కోర్టంటే వాషరు మార్చినంత తేలిక కాదని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు. యజమాని ఆ తోలు రెక్కని చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. స్టే మీద వాదనలు ఎల్లుండి ఉన్నాయని తెలిసి, అతన్ని మద్రాసు వెళ్లి కోర్టులో కూర్చుని కబురు చెయ్యమన్నారు. తెనాలి వెళ్లి మెయిలు బండి ఎక్కమని టిక్కెట్టు కూడా నా చేతే తెప్పించారు.

కోర్టుకి! ఆరేళ్లు కోర్టు మెట్లు అరిగేలా తిరిగినవాణ్ణి నేనుండగా, వాషర్లు మార్చేవాణ్ణి పంపారు. ఆ రెండు రోజులూ అతనికి అక్కడ ఏదైనా ఎదురుదెబ్బ తగిలితే బాగుండునని నేను కోరుకున్నాను. స్టే రావాలని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. పెద్దాయన మూడెకరాలు గుర్తున్నాయా అంటే, గుర్తున్నాయి. అయినా పెట్టుకున్నాను.

వాదనల రోజు వరండాలో కాలు పెట్టడానికి చోటు లేదు. పెద్దాయన మిరప కోతల్లో ఉండి రాలేదు. మద్రాసు వెళ్లినవాడు ఏం చెబితే అలా చెయ్యమని ముందు రోజే కబురు పంపాడు. స్టే ఖాయమని ఎవరో వ్యాపారికి టెలిగ్రాం వచ్చిందన్న మాట పొద్దున్నే పుట్టింది. ఆ టెలిగ్రాం చూసినవాళ్లు ఎవరూ లేరు.

పదకొండున్నరకి ఫోను మోగింది. యజమాని వరండాలో ఉన్నారు. గదిలో నేనొక్కణ్ణే. అతని గొంతు. జడ్జీగారు రెండు మిషన్లూ బల్ల మీద పెట్టించి విప్పించి చూశారట. కలకత్తా వాళ్ల ప్లీడరు వాయిదా అడుగుతున్నాడట. మూడింటికి ఉత్తర్వు చెబుతారట.

"స్టే రాదన్నా, నాకు నమ్మకం. అప్పటిదాకా ఒక్క షేరు కూడా అమ్మొద్దని యజమాని గారితో చెప్పండి. ముఖ్యంగా పెద్దాయనవి."

"సరే, చెబుతా" అన్నాను.

చెప్పాలనే లేచాను. ఇది మీరు నమ్మాలి. గుమ్మం దాకా వెళ్లాను కూడా. అక్కడ యజమాని తాసిల్దారు గారితో, మావాడు అక్కడ ఉన్నాడు కాబట్టి నాకు బెంగ లేదు, ఈ ఆఫీసులో బుర్ర ఉన్నది వాడొక్కడికేనండీ అంటున్నారు. నేను గుమ్మంలో ఆగిపోయాను. ఆయన నా వైపు తిరిగి ఫోను ఎవరని అడిగారు.

"టెలిఫోను ఎక్స్‌ఛేంజీ వాళ్లండి. లైను చూస్తున్నారు" అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట! ముందు అనుకున్నది కాదు. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి అరగంట వ్యవధి ఉంది. ఆ అరగంటా నేను బల్ల సర్దుకుంటూ కూర్చున్నాను.

పన్నెండింటికి బ్రోకరు కాల్ వచ్చింది. ధర ఇంకా పడింది, ఉన్నవన్నీ వదిలించుకోమన్నాడు. యజమాని ఫోను చేత్తో మూసి, మనవాడు చెయ్యలేదా అని అడిగారు. చెయ్యలేదన్నాను. చెడ్డ కబురు చెప్పడానికి మొహం చెల్లక చెయ్యలేదు కాబోలు అనుకున్నారాయన. నేను కాదనలేదు. ఎవరి షేర్లు ఎన్నో ఒక్కొక్కటే బ్రోకరుకి చెప్పారు. బీరువా తెరిచి పెద్దాయన సంతకం చేసిన ఫారం తీసి బల్ల మీద పెట్టింది నేనే. ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు, జాలి కూడా కలగలేదు. సంతోషం వేసింది. అంత బుర్ర ఉన్నవాడు రేపు ఎలా తల దించుకుంటాడో చూద్దామనుకున్నాను.

సాయంత్రం నాలుగున్నరకి టెలిగ్రాం వచ్చింది. ట్రంకు లైను దొరక్క అలా పంపాడు. స్టే ఇవ్వలేదు, షేర్లు ఉంచండి అని దాని సారాంశం. యజమాని అది చదివి కుర్చీలో కూలబడ్డారు. మర్నాడు పొద్దున్నుంచే షేరు లేచింది. అమ్మినవాళ్లే మళ్లీ కొనడానికి ఎగబడ్డారు. పన్నెండింటికి బోర్డు మీద నేను రాసిన ధర, దావాకి ముందున్న దానికంటే ఎక్కువ.

నేనింకా సుద్దముక్క కింద పెట్టలేదు, పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. కోతల్లోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, ఎర్రటి దుమ్ము తలపాగా మీద అలాగే ఉంది. వెనకే సంచీతో మద్రాసు నుంచి అతనూ వచ్చాడు. స్టేషను నుంచి ఇంటికి కూడా వెళ్లలేదు. అమ్మేశామని యజమానే చెప్పారు. పెద్దాయన బోర్డు వైపు చూశాడు. ఆయనకి అంకెలు చదవడం వచ్చు, నేనే నేర్పాను.

"ఇంకేం కొంటాను. తెనాలాయన వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు" అన్నాడు. గొంతు పెంచలేదు.

యజమాని కోపం అతని మీదికి మళ్లింది. నిన్న పొద్దున ఒక్క కాల్ చేసి ఉంటే ఇంత జరిగేదా అన్నారు. అతను నిజంగానే తెల్లబోయాడు.

"చేశానండి. పదకొండున్నరకి చేశాను. అన్నే మాట్లాడారు. చెప్పినా మీరే అమ్మారనుకున్నాను" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నా పని అయిపోయిందనుకున్నాను. వాళ్లందరికీ అతనంటేనే నమ్మకం, అతని మాట ముందు నా మాట ఏపాటిది? నిజం చెప్పెయ్యడానికి నోరు కూడా తెరిచాను. ఇంతలో పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"గుమాస్తా గారూ, మీరు చెప్పండి. ఈ అబ్బాయి మిషన్లు తెలిసినోడే గాని, మనిషిగా నాకెంత తెలుసు? మిమ్మల్ని మొదటి నుంచీ చూస్తున్నా. మీరు అబద్ధం ఆడే మనిషి కాదు. మీరేం చెబితే అదే నిజం."

యజమాని కూడా అవునన్నట్టు తలూపారు. "నీ మాట మీదేగా ఈ ఆఫీసు ఇన్నాళ్లు నడిచింది. నువ్వు చెప్పవోయ్."

ఏడాదిగా నేను దేనికోసం కుమిలిపోయానో అది నా దగ్గరే ఉంది. ఎవరూ తీసుకోలేదు. వాళ్లు నన్నొదిలి అతని వైపు వెళ్లారని నేనే అనుకున్నాను. అది తెలిసిన నిమిషంలోనే, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక,

"లేదండి, చెయ్యలేదు" అన్నాను.

అతను ఒట్టు వెయ్యలేదు, నాతో గొడవపడలేదు. అప్పటికి మూడు రోజులుగా బల్ల కింద పడి ఉన్న మిషను ముక్కలు ఏరి సంచీలో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి పనికి రాలేదు. నాన్న షాపులో కూర్చున్నాడని తెలిసింది. ఫోను పని మళ్లీ నాకు వచ్చింది. మూడెకరాలూ తెనాలాయన ఇంకెవరికో రిజిస్టరు చేశాడు. ఆ కొత్త ఆసామి దగ్గర పెద్దాయన మళ్లీ కౌలుకే దున్నాడు.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం నేను ఊరెళ్లడానికి బస్టాండులో ఉన్నాను. పెద్దాయన కనిపించాడు. పక్కన వేరే ఊరివాళ్లు ఇద్దరున్నారు, ఒకతని చేతిలో పాడైన మందు మిషను ఉంది. పాత గుంటూరులో ఒక షాపు ఉందట, బాగా చేస్తాడట, అక్కడికి తీసుకెళ్తున్నానని మిషను పట్టుకున్నతను చెబుతున్నాడు.

"వాడి దగ్గరికా? ఒద్దొద్దు. పనిమంతుడే గాని అబద్ధాలకోరు. మా ఊళ్లో ఎవరం వాడి గడప తొక్కం" అన్నాడు పెద్దాయన. అంతటితో ఊరుకోకుండా నన్ను చూపించి, "కావాలంటే ఈయన్నడుగు. ఈయనకి అంతా తెలుసు" అన్నాడు.

వాళ్లిద్దరూ నా వైపు తిరిగి ఆగారు. నేను బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.